ప్రతి చేతికీ ఒక వస్తువు: ప్రాథమిక బడిలో కృత్యాలు ఎలా చేయించాలి

రేపటి పీరియడ్‌లో పిల్లలతో ఏదైనా కృత్యం చేయిద్దామనుకుంటే, పాఠం తీయకముందే ఒక లెక్క వేసుకోండి. తరగతిలో పిల్లలెంతమంది? వాళ్ల చేతుల్లో పెట్టడానికి వస్తువులెన్ని ఉన్నాయి? ఇరవై నాలుగు మందికి ఒక్క తక్కెడ ఉంటే ఒకరు తూస్తారు, ఇరవై మూడు మంది చూస్తారు. మాస్టారే తూచి చూపిస్తే ఆ ఒక్కరికీ పని ఉండదు. చూపించి చెప్పాల్సిన సందర్భాలూ ఉంటాయి, కాదనను. కానీ మూడో తరగతి పిల్లకి తీసివేత రావడం లేదంటే కదలాల్సినవి ఆ పిల్ల వేళ్లు. మనం బోర్డు మీద పదిసార్లు చేసినా ఆ లోటు తీరదు.

అందుకే కృత్యాన్ని ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒక్కటే: ప్రతి చేతిలోకీ వస్తువు వస్తుందా, రాదా. రాకపోతే ఎంత అందమైన కృత్యమైనా పక్కన పెట్టేయండి. బోధన సామగ్రి మేళా కోసం థర్మోకోల్‌తో రాత్రంతా కూర్చుని చేసిన మోడల్ కన్నా గుప్పెడు చింతపిక్కలు ఎక్కువ పనికొస్తాయి.

ముందు సామాను సమకూర్చుకోండి

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దీనికి డబ్బు ఖర్చు పెట్టక్కర్లేదు. గోగు పండించే ఊళ్లలో నార తీశాక మిగిలే గోగుపుల్లలు తేలిగ్గా ఉంటాయి, చేత్తోనే విరుగుతాయి. ఉద్దానం వైపు కొబ్బరి ఈనెలు ఏ పెరట్లోనైనా దొరుకుతాయి. సముద్రం పక్క ఊళ్లకి ఆల్చిప్పలు, నాగావళి, వంశధార ఒడ్డు ఊళ్లకి ఇసుక. చింతపిక్కలు ఎక్కడైనా ఉంటాయి. ప్లాస్టిక్ సీసాలు, మూతలు, పాత శుభలేఖలు, అట్టపెట్టెలు కూడా కూడబెట్టండి.

పిల్లలనే తెమ్మనండి, కానీ ఏం తేవాలో విడమర్చి చెప్పండి. ‘పుల్లలు తీసుకురండి’ అంటే ఒకరు జాన పొడవువి తెస్తారు, ఒకరు మూరెడువి తెస్తారు. ఒక నమూనా చేతికిచ్చి ‘దీనంత పొడవువి పది’ అనండి. ఏమీ తేలేని పిల్లలుంటారు. వాళ్లని అందరిలో అడగకండి, బడి డబ్బాలోంచి నిశ్శబ్దంగా ఇచ్చేయండి.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు బడుల్లో పిల్లలు లెక్కకి జీడిపిక్కలు తెస్తామంటారు. పచ్చి జీడిపిక్క పెంకులో ఉండే జీడి చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. పిల్లలు ఆ చేత్తోనే కళ్లు నులుముకుంటారు కూడా. కాబట్టి వద్దనే చెప్పండి. ఒకటి, రెండు తరగతుల వాళ్లకి చింతపిక్కలు కూడా ఇవ్వకండి. నోట్లో, ముక్కులో పెట్టుకుంటారు. వాళ్లకి పెద్ద సీసామూతలో, ఆల్చిప్పలో మంచివి. ఆల్చిప్పల అంచులు గీసుకుంటాయేమో ముందే వేలితో తడిమి చూడండి. ఈనెల కొనలు కత్తిరించి ఇవ్వండి.

ఊహ, చేత, మాట, రాత

ఏ కృత్యమైనా ఈ నాలుగూ ఈ వరసలోనే నడపండి.

మొదటిది ఊహ. వస్తువు ముట్టుకోకముందే ‘ఏమవుతుందనుకుంటున్నావు?’ అని అడగండి. ‘ఈ సీసాలో ఎన్ని గ్లాసుల నీళ్లు పడతాయి?’ అన్నప్పుడు ప్రతి పిల్లా ఒక అంకె చెప్పాలి. ఆ అంకెలన్నీ బోర్డు మీద రాయండి. తప్పో ఒప్పో ముఖంలో కూడా తెలియనివ్వకండి. ఒకసారి అంకె చెప్పేశాక పిల్లకి ఫలితం మీద ధ్యాస కలుగుతుంది, అది తన అంకె కదా. చాలా తరగతుల్లో ఈ మెట్టు ఎగిరిపోతుంది. అప్పుడు పిల్లలు చెప్పిన పని చేసేస్తారు, ఎందుకు చేశారో మాత్రం ఆలోచించరు.

రెండోది చేత. నలుగురేసి గుంపు చాలు. ఆరుగురైతే ఇద్దరు ఖాళీగా ఉంటారు. ఒకరు కొలుస్తారు, ఒకరు లెక్కిస్తారు, ఒకరు రాస్తారు, ఒకరు సామాను చూసుకుంటారు. ప్రతి కృత్యానికీ పనులు మార్చండి. లేకపోతే చురుకైన పిల్లే ఎప్పుడూ కొలుస్తుంది, అందమైన చేతిరాత ఉన్నవాడే ఎప్పుడూ రాస్తాడు. వెనకబడ్డ పిల్లాడికి ఎప్పుడూ సామాను మోయడమే మిగులుతుంది. మీరు గుంపుల మధ్య తిరగండి, కానీ చెయ్యి పెట్టకండి. పిల్ల తప్పు చేస్తుంటే మన చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది, ఆపుకోండి. ‘ఇప్పుడు ఏం చేశావు, ఎందుకలా చేశావు?’ అని అడిగితే సగం తప్పులు పిల్లలే దిద్దుకుంటారు.

గోల అవుతుందని చాలామందికి టెన్షన్. పక్క తరగతి వాళ్లేమంటారో, తనిఖీకి వచ్చినవాళ్లు ఏమనుకుంటారో అని. గోల మితిమీరితే ముందు వస్తువులు లెక్కపెట్టండి. చాలాసార్లు ఒక గుంపుకి తక్కువైన వస్తువు దగ్గరే తగువు మొదలవుతుంది. పని ఆపించడానికి ఒక గుర్తు పెట్టుకోండి. మూడు చప్పట్లు కొడితే చేతులు పైకి, ఎవరి చేతిలోనూ వస్తువు ఉండకూడదు. రెండు రోజులు అచ్చంగా ఈ గుర్తునే ఆటలా సాధన చేయించి, తరవాత కృత్యంలోకి దిగండి.

మూడోది మాట. ఏం చేశామో, ఏం తేలిందో ప్రతి గుంపూ చెప్పాలి. ఇచ్ఛాపురం వైపు ఒడియా ఇంటిభాషగా ఉన్న పిల్లలు, మందస, మెళియాపుట్టి కొండ ఊళ్లలో సవర మాట్లాడే పిల్లలు ఈ మెట్టు దగ్గర నోరు మెదపకపోవచ్చు. వాళ్లకి విషయం అర్థం కాలేదని తొందరపడి అనుకోకండి. ముందు ఇంటి మాటలోనే చెప్పనివ్వండి. అదే ఊరి పిల్ల ఎవరైనా తెలుగులో అందిస్తుంది. తరవాత తెలుగు మాట బోర్డు మీద రాయండి. 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరపిల్లల కోసం తాను సవర నేర్చుకుని, వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. ఆయన పుట్టిన జిల్లాలో ఆ పిల్లల్ని తెలుగు రాలేదని మూల కూర్చోబెట్టడం మనకి తగదు.

నాలుగోది రాత. రెండు మూడు వాక్యాలు, లేదా ఒక బొమ్మ, లేదా ఒక అంకె. మొదట ఏం ఊహించామో, చివరికి ఏం తేలిందో పక్కపక్కన రాయించండి. పేజీలకు పేజీలు అక్కర్లేదు.

నలభై నిమిషాల పీరియడ్‌లో ఊహకి ఐదు, చేతకి ఇరవై, మాటకి పది, రాతకి ఐదు నిమిషాలు సరిపోతాయి. శనివారం నో బ్యాగ్ డే జరిపే బడుల్లో రెండు పీరియడ్లు కలిపేసుకుంటే ఇంకా హాయి.

కట్టలతో తీసివేత: రెండు, మూడు తరగతులు

అన్ని కృత్యాల్లోనూ ముందు ఇది మొదలుపెట్టండి. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లకీ చదవడం, రాయడం, లెక్కలు రావాలన్న లక్ష్యంతో 2021లో నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం మొదలైంది. ఆ లెక్కల్లో పిల్లలు ఎక్కువగా తట్టుకుని పడిపోయేది తీసివేత దగ్గరే.

గుంపుకి అరవై పుల్లలు, ఆరు రబ్బరు బ్యాండ్లు ఇవ్వండి. మొదటి రోజు తీసివేత ఊసెత్తొద్దు. పదేసి లెక్కపెట్టి కట్టలు కట్టడమే పని. మీరు ‘ముప్పై నాలుగు’ అంటే మూడు కట్టలు, నాలుగు విడిపుల్లలు బెంచీ మీద పెట్టాలి. మీరే రెండు కట్టలు, ఏడు విడిపుల్లలు చూపిస్తే పిల్లలు ‘ఇరవై ఏడు’ అనాలి. మీరు కట్టి ఇవ్వకండి. పది లెక్కపెట్టి బ్యాండు చుట్టిన పిల్లకే ఆ కట్టలో పది ఉన్నాయన్న నమ్మకం కుదురుతుంది.

రెండో రోజు 42 నుంచి 17 తీసేయమనండి. బెంచీ మీద నాలుగు కట్టలు, రెండు విడిపుల్లలు ఉంటాయి. ఏడు విడిపుల్లలు తియ్యాలి, ఉన్నవి రెండే. ఇక్కడ ఆగండి. ఏం చెయ్యాలో మీరు చెప్పొద్దు. కొంతమంది తల గోక్కుంటారు, ఇద్దరు ముగ్గురు ఏడులోంచి రెండు తీసేసి ఐదు అంటారు. కాసేపటికి ఎవరో ఒకరు ‘ఒక కట్ట విప్పేద్దాం’ అంటారు. విప్పితే మూడు కట్టలు, పన్నెండు విడిపుల్లలు. ఏడు తీస్తే ఐదు, ఒక కట్ట తీస్తే రెండు కట్టలు. ఇరవై ఐదు. ఆ మాట పిల్లల నోటి నుంచి వచ్చేదాకా రెండు నిమిషాలైనా, ఐదు నిమిషాలైనా మీరు ఓపిక పట్టాలి. ఈ కృత్యం మొత్తంలో కష్టమైన పని మీదే.

తరవాత 50 నుంచి 23. విడిపుల్లలు ఒక్కటీ లేవు కాబట్టి కట్ట విప్పక తప్పదు. ఇది బాగా వచ్చాక రెండు గుంపుల్ని కలపండి, వాళ్ల దగ్గర నూటఇరవై పుల్లలుంటాయి. పది కట్టల్ని కలిపి తాడుతో ఒక పెద్ద మోపు కట్టించండి, అది వంద. 103 నుంచి 48 తియ్యమనండి. విడివి మూడే, పదుల కట్టలు అసలే లేవు. ముందు మోపు విప్పాలి, అందులో ఒక కట్ట విప్పాలి. తొమ్మిది కట్టలు, పదమూడు విడిపుల్లలు అవుతాయి. ఎనిమిది తీస్తే ఐదు, నాలుగు కట్టలు తీస్తే ఐదు కట్టలు, యాభై ఐదు. పలక మీద సున్నా పక్కన తొమ్మిది ఎందుకు రాస్తామో మోపు విప్పిన చేతులకి ఇంక చెప్పక్కర్లేదు.

పలక మీద లెక్క, బెంచీ మీద పుల్లలు ఒకేసారి నడవాలి. కట్ట విప్పగానే పలక మీద పదుల అంకె కొట్టేసి ఒకటి తగ్గించి రాయాలి. పుల్లలు ఒక రోజు, పలక మరో రోజు చేయిస్తే పిల్లలకి అవి రెండు వేరు వేరు పనుల్లా కనిపిస్తాయి.

సోల, తవ్వ, మానిక: నాలుగు, ఐదు తరగతులు

భిన్నాలకి కాగితం మడతపెట్టించడం అందరూ చేస్తారు. నాకు మాత్రం మన ఇళ్లలోని కొలపాత్రలే బాగా నచ్చుతాయి. గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. అటకల మీద, ధాన్యం కొట్లలో ఇప్పటికీ ఉంటాయి. అమ్మమ్మల్ని, తాతల్ని అడిగి తెమ్మనండి. పేరు రాసిన కాగితం అంటించి, సాయంత్రం భద్రంగా తిరిగి పంపించండి.

కొలవడానికి పొడి ఇసుక వాడండి. బియ్యం వద్దు, నేల మీద ఒలికితే పిల్లలకే బాధ. పాత్ర నిండా పోసి అంచు దగ్గర స్కేలుతో చదును చెయ్యడం ముందు నేర్పండి. గోపురంగా పోస్తే లెక్క కుదరదు.

ఊహతోనే మొదలు. ‘మానికలో ఎన్ని సోలలు పడతాయి?’ తరవాత పోసి చూడాలి. నాలుగు గిద్దలైతే సోల, రెండు సోలలైతే తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ఈ వరస మీరు ముందే చెప్పేస్తే కృత్యం అక్కడితో సరి. పిల్లలే పట్టుకుని పట్టిక రాయాలి. కుంచంలో ఎన్ని గిద్దలో పోయకుండా లెక్కకట్టమనండి: 64 వస్తాయి. నమ్మకం లేని గుంపు పోసి చూసుకోవచ్చు, మంచిదే.

ఇక భిన్నాలు. సోల అంటే మానికలో నాలుగో వంతు. తవ్వ అంటే సగం. గిద్ద అంటే పదహారో వంతు. పారదర్శకంగా ఉన్న సీసాలో ఒక తవ్వ ఇసుక పోసి గీత గియ్యండి. ఖాళీ చేసి రెండు సోలలు పోయండి. ఇసుక అదే గీత దగ్గర ఆగుతుంది. రెండు బై నాలుగు, ఒకటి బై రెండు సమానం అని పుస్తకంలో ఉన్న వాక్యానికి అదే రుజువు. నాలుగో వంతు పెద్దదా, పదహారో వంతు పెద్దదా అంటే చాలామంది పదహారు పెద్ద అంకె కదా అని పదహారో వంతే అంటారు. సోల ఒక చేతిలో, గిద్ద ఒక చేతిలో పెట్టి మళ్లీ అడగండి.

ఇద్దరు పిల్లలు తెచ్చిన సోలలు సమానంగా లేకపోతే కంగారు పడకండి, అదృష్టమనుకోండి. ‘ఒక ఇంటి సోలతో అప్పిచ్చి, ఇంకో ఇంటి సోలతో తీసుకుంటే ఎవరికి నష్టం?’ అని అడగండి. దేశమంతా ఒకే కొలత ఎందుకు కావాలో పిల్లలే వాదించుకుంటారు. మెట్రిక్ కొలతలకి మన దేశం 1956లో చట్టం చేసిందని అప్పుడు చెబితే ఆ సంవత్సరం గుర్తుంటుంది. చివరిగా సోలని నీళ్లతో నింపి, మిల్లీలీటర్ల గీతలున్న సీసాలో పోసి ఎంతో చూడమనండి.

ఐదో తరగతికి దీన్ని మధ్యాహ్న భోజనానికి ముడిపెట్టండి. ప్రాథమిక తరగతుల్లో పిల్లకి రోజుకి 100 గ్రాముల బియ్యం లెక్క. ఈ రోజు హాజరు 23 అయితే ఎన్ని కిలోలు? 2 కిలోల 300 గ్రాములు, అంటే 2.3 కిలోలు. వంట చేసే అమ్మతో ముందే మాట్లాడుకుని, తూచేటప్పుడు ఇద్దరు పిల్లల్ని పంపండి. వారం రోజుల హాజరు, వారం రోజుల బియ్యం పట్టిక వేయించండి. దశాంశాల పాఠం చాలావరకు అక్కడే అయిపోతుంది.

నీడకర్ర: ఏడాది పొడుగునా

బడి ఆవరణలో ఎండ పడే చోట మీటరు కర్ర నిటారుగా పాతండి. దారానికి రాయి కట్టి వేలాడదీసి, కర్ర దారానికి సమంగా ఉందో లేదో పిల్లలే చూడాలి. గంటకోసారి నీడ చివర గులకరాయి పెట్టి, పొడవు కొలిచి రాయాలి. పెట్టేముందు ‘వచ్చే గంటకి నీడ ఎక్కడుంటుంది?’ అని ఒక ఆకు పెట్టించండి. సూర్యుణ్ణి నేరుగా చూడొద్దని ప్రతిసారీ చెప్పండి.

ఒక్క రోజుతో ఆపకండి. నెలకోసారి, మిట్టమధ్యాహ్నం నీడ కొలిచి గోడ మీద చార్టులో రాయండి. మన జిల్లాలు దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. బడులు తెరిచిన జూన్ నెలాఖర్లో మీటరు కర్ర మధ్యాహ్నం నీడ తొమ్మిది సెంటీమీటర్లే, అదీ దక్షిణం వైపు పడుతుంది. డిసెంబరు నెలాఖర్లో ఉత్తరం వైపు దాదాపు 89 సెంటీమీటర్లు ఉంటుంది. జూలై నెలాఖర్లో, పన్నెండు గంటల ప్రాంతంలో నీడ కర్ర కిందే మాయమవుతుంది. ఆ రోజుల్లో మబ్బులు కమ్ముతాయి కాబట్టి నాలుగైదు రోజులు వరసగా కాపు కాయండి. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా నీడ సెంటీమీటరు దాటదు.

దీనికి తోడు ఇంటిపని ఒకటి. నెలకోసారి తెల్లవారి తమ గుమ్మంలో నిలబడి, సూర్యుడు ఏ చెట్టు వెనక, ఏ ఇంటి పక్క నుంచి వస్తున్నాడో బొమ్మ గీయమనండి. అరసవల్లి గుడిలో మార్చిలో, అక్టోబరులో స్వామి పాదాల మీద ఎండ పడుతుందని పిల్లలు వినే ఉంటారు. ఏడాదికి రెండుసార్లే ఎందుకని అడగండి. సూర్యుడు ఉదయించే చోటు డిసెంబరు నుంచి జూన్ దాకా ఉత్తరానికి జరుగుతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. మధ్యలో ఉన్న ఏ చోటునైనా పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి దాటాలి. పిల్లలు గీసిన బొమ్మలు వరసగా పేరిస్తే ఈ సంగతి వాళ్లే చెబుతారు.

మట్టిదిబ్బ మీద నది

ఇది చిన్నదే, కానీ వానాకాలంలో తప్పక చేయించండి. ఆవరణలో ఏటవాలుగా మట్టిదిబ్బ పోసి, పైన కొండలు, కింద సముద్రం అని గుర్తులు పెట్టండి. మధ్యలో వంశధార అని వేలితో గాడి తీయమనండి. సముద్రం దగ్గర కళింగపట్నం అని ఒక అగ్గిపెట్టె పెట్టాలి. ఇప్పుడు ఒక పిల్ల పైన, ఒడిశా కొండల చోట, మగ్గుతో నీళ్లు పోస్తుంది. కింద ఒక్క చుక్క వాన లేకుండానే అగ్గిపెట్టె మునుగుతుంది. ‘మన ఊళ్లో వాన లేదు కదా, వరద ఎలా వచ్చింది?’ అన్న ప్రశ్నకి ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు. రెండోసారి వాలు మీద గడ్డి దుబ్బులు నాటి పోయించండి. నీళ్లు ఎంత ఆలస్యంగా వచ్చాయో అంకెలు లెక్కపెడుతూ పోల్చమనండి.

ఐదు తరగతులకి మీరొక్కరే అయితే

అన్ని తరగతులకీ ఒకేసారి కృత్యం పెట్టకండి. ఒక గుంపు చేతలో ఉంటే మిగతావాళ్లు రాతలో, చదువులో ఉండాలి. కొలిచే పనిలో మాత్రం అందరూ కలవచ్చు. ఒకటో తరగతి పోస్తుంది, మూడో తరగతి లెక్కిస్తుంది, ఐదో తరగతి భిన్నం రాస్తుంది. అక్కలు తమ్ముళ్లకి నేర్పిస్తారు, అయితే తమ్ముడి పని అక్క చేసెయ్యకుండా మీరు ఓ కన్నేసి ఉంచండి.

సామాను సర్దడం కూడా పిల్లల పనే. చేతకిచ్చిన ఇరవై నిమిషాల్లో చివరి మూడు దానికే వదలండి. డబ్బా మూత మీద ఎన్ని ఉండాలో అంకె రాసి ఉంచితే, పుల్లలు లెక్కపెట్టి పెట్టడం మరో లెక్కల పాఠం అవుతుంది.

వచ్చిందో లేదో చూసుకోవడం

కృత్యం బాగా జరిగిందంటే పాఠం వచ్చేసినట్టు కాదు. రెండు రోజులాగి, వస్తువులేవీ లేకుండా కొత్త లెక్క ఇవ్వండి. 42, 17 కాకుండా 61 నుంచి 38. జవాబు 23 వచ్చిందా లేదా అన్నది ఒకటి, ఎలా చేశావో చెప్పగలదా అన్నది ఇంకొకటి. ‘ఒక కట్ట విప్పాను, పదకొండు అయ్యాయి’ అని చెప్పిన పిల్లకి పుల్లల అవసరం తీరింది. జవాబు సరిగ్గా వచ్చి, ఎలాగో చెప్పలేకపోతే పక్క పలక చూసి ఉండొచ్చు, ఇంకో లెక్క ఇచ్చి చూడండి. ఇంకా వేళ్లు వెతుక్కుంటున్న పిల్లకి అదే రోజు మళ్లీ పుల్లలు, బ్యాండ్లు చేతికివ్వండి. నాలుగో తరగతికి వచ్చినా సరే, ఐదో తరగతికి వచ్చినా సరే.